మంద్రం బాబాయి మూలుగు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా ఊరి డాన్సు హాలు కాపలాదారు. నా నిచ్చెన పట్టుకెళ్లి ఇప్పటికీ తిరిగివ్వని మనిషి. అయినా అబద్ధమాడడు. అబద్ధం అల్లడానికి కాస్త బుర్ర కావాలి, అది అతనికి లేదు. తర్వాత అక్కడ బాస్ గిటారు వాయించే అమ్మాయి నోటా విన్నాను. ఇద్దరి మాటా ఒక్కటే అయింది కాబట్టి రాస్తున్నాను.

హాలు వెనక మెట్లు దిగితే ఒక గది ఉంది. బ్యాండువాళ్లు సాధన చేసుకునే గది. కిటికీ లేదు. శబ్దం బయటికి పోకుండా గోడలకి పాత కంబళ్లు కొట్టారు. ఆ గదికి చెడ్డపేరు.

పొద్దుపోయాక అక్కడ ఎవరో మూలుగుతారని చెప్పుకుంటారు... సన్నటి మూలుగు కాదు. లావుపాటిది. గుండెకాయ కింద నుంచి వచ్చేది. చెవికంటే ముందు అరికాళ్లకి తెలుస్తుందట.

డ్రమ్ములవాడు ఒకసారి మర్చిపోయిన టోపీ కోసం చీకటి పడ్డాక దిగాడు. సగం మెట్ల దాకా వెళ్లి, ఆ టోపీ తనకెప్పుడూ నప్పలేదని వెనక్కి వచ్చేశాడు. కాపలాదారైతే పై మెట్టు మీద కూర్చుని కాపలా కాస్తాడు. కింద ఉన్నదేదో తనని తానే చూసుకుంటుందంటాడు.

మూలిగేది ఎవరో మాత్రం అందరికీ తెలుసు. మంద్రం.

మంద్రం అంటే ఆ బ్యాండులో బాస్ గిటారు వాయించిన మనిషి. హాలు తెరిచినప్పటి నుంచీ అదే కుర్చీ, అదే గిటారు. అసలు పేరు ఆయనకే సరిగ్గా గుర్తుండేది కాదు. వాయిస్తూ వాయిస్తూ నోరు మూసుకుని అదే స్వరాన్ని కింది స్థాయిలో మూలిగేవాడు. మూలుగుతున్నట్టు ఆయనకి తెలీదు. పక్కవాడు భుజం మీద చెయ్యి వేస్తే ఆగిపోయేది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు.

ఆయన ఆ గదిలోనే పోయాడని కాపలాదారు చెబుతాడు. తప్పు. ఆయన పోయింది ఆస్పత్రిలో, పట్టపగలు, నిద్రలో. ఒక్క ముక్క తప్పయితే కథంతా తప్పంటారు జనం, అందుకే ఇక్కడే దిద్దుతున్నాను.

పోయాక గిటారూ, కుర్చీ రెండూ ఆయన అన్న కూతురికి వచ్చాయి. చిన్నప్పటి నుంచీ ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని నేర్చుకున్న పిల్ల. బట్టల షాపులో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగం మానేసి మరీ వచ్చి కూర్చుంది. మానొద్దని తల్లి చెప్పింది. రోజూ చెప్పింది. మానేశాక కూడా చెప్పింది.

కూర్చున్నాక కష్టాలు మొదలయ్యాయి.

"నీ బాస్ వింటుంటే గోడ అవతల ఎవరో పరుపు దులుపుతున్నట్టుందమ్మాయ్," అన్నాడు బ్యాండు మాస్టారు.

"మా బాబాయి గిటారే కదా మాస్టారూ."

"మీ బాబాయి వాయిస్తే ఆ పరుపు మీద పడుకున్నట్టుండేది. నువ్వు దులుపుతున్నావ్."

అంతటితో ఊరుకోలేదు. "పాట అయిపోయాక కూడా వాయిస్తూనే ఉంటావెందుకు?"

"వాయించట్లేదు మాస్టారూ. చెయ్యి తీస్తే అదే మూలుగుతోంది."

నిజమే. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండేది. పాటకీ పాటకీ మధ్య చెయ్యి తీసిందా... మ్మ్‌మ్మ్... అని స్పీకరులోంచి. తీగ ముట్టుకుంటే టక్కున ఆగేది. డ్రమ్ములవాడు అది విని తన స్టూలు ఓ జానెడు పక్కకి జరుపుకున్నాడు.

"శనివారం దాకా చూస్తాను," అన్నాడు మాస్టారు. "ఆ తర్వాత కీబోర్డువాడి ఎడమచెయ్యి నీ కుర్చీలో కూర్చుంటుంది."

బాస్ స్వరాలు కీబోర్డువాడి ఎడమచెయ్యే వాయించగలిగినప్పుడు ఇంకో మనిషి దేనికని హాలు యజమాని కూడా అప్పటికే అని ఉన్నాడు. కుర్చీ పోతే ఆ అమ్మాయికి మిగిలేది బట్టల కౌంటరు. దానికి ముందు తల్లి నోట "నేను చెప్పానా" అనే మాట. కౌంటరు కంటే ఆ మాటే బరువు.

ఆ రాత్రి అమ్మాయి గిటారుని మంచం మీద పడుకోబెట్టి, లోపలి వైర్లని కప్పే మూత మరలు విప్పబోయింది.

"మీ బాబాయి ఆ మూత ఎవర్నీ తీయనిచ్చేవాడు కాదే," అంది తల్లి తలుపు దగ్గర నుంచి. "లోపల వేలు పెడితే వేలు విరుస్తాననేవాడు."

"విరిచేవాడు ఇప్పుడు లేడు కదమ్మా."

"లేడని నీకెవరు చెప్పారు?"

అమ్మాయి మరలు మళ్లీ బిగించింది. తెల్లారాక రేడియో షాపుకి పట్టుకెళ్లింది. ఎవరి వేలయినా విరగాలంటే అది వేరేవాళ్లదైతే మేలు కదా.

రేడియో షాపులో ఉండేవాణ్ని టంకం అంటారు. ఎప్పుడు చూసినా చేతిలో సోల్డరింగ్ కడ్డీ, చొక్కా నిండా కాలిన చిల్లులు. తనకి తెలియనిది లేదనుకునే రకం. ఆ సంగతి తర్వాత వస్తుంది.

టంకం మూత తీశాడు. వేలు విరగలేదు. లోపల దుమ్ము, ఎండిపోయి పుల్లల్లా బిర్రబిగిసిన వైర్లు, పగిలిన కెపాసిటర్ ఒకటి. నాబు తిప్పితే అప్పడం నమిలినట్టు గరగరమంది.

"ఇది పాసివ్ రకం అమ్మాయ్. దీనికి సొంత కరెంటు లేదు. తీగ ఊగితే దాని కింద ఈ అయస్కాంతం, పికప్, ఎంతిస్తే అంతే. ఈ నాబులు ఉన్నదాన్ని తగ్గించగలవు గానీ ఒక్క పిసరు పెంచలేవు."

"మా అమ్మలాగన్నమాట."

"ఏంటి?"

"ఏం లేదన్నా. పెంచాలంటే?"

"లోపల చిన్న బోర్డు, దానికో బ్యాటరీ. అప్పుడు యాక్టివ్ అవుతుంది. లావు కావాలంటే లావు, పదును కావాలంటే పదును."

అమ్మాయి ఊడదీసిన మూతని చేతిలోకి తీసుకుని తిప్పింది. బ్యాటరీ మాట వస్తే బాబాయి అనేమాట ఒకటుంది. బ్యాటరీ తినేది వాయిద్యం కాదు, ఆటబొమ్మ... అని. మాస్టారు ఎన్నిసార్లు పెట్టించుకోమన్నా ఆ మాటే తిప్పి కొట్టేవాడు. చివరిసారి ఆస్పత్రిలో చూడబోతే, మంచం పక్కన బ్యాటరీ గడియారం పెట్టారని దాన్ని కూడా తీయించాడు.

"పెట్టెయ్యన్నా," అంది చివరికి.

టంకం పని చెడ్డగా చేశాడని నేననను. నాబుల కింద అరిగిపోయినవన్నీ మార్చాడు. కొత్త కెపాసిటర్ వేశాడు, పాతదానికంటే కొంచెం చిన్న విలువది, గొంతులో కఫం పోయి మాట తేటపడేలా. బయటి రొద చొరబడకుండా మూత కింది గుంతకీ మూత అడుక్కీ రాగి రేకు అతికించి, ఆ రేకు నుంచి బ్రిడ్జికి వైరు కలిపాడు. బ్రిడ్జి అంటే తీగలు కింద కట్టి ఉండే ఇనప ముక్క. బోర్డు బిగించాడు, బ్యాటరీ పెట్టాడు. పక్కన చిన్న స్విచ్చు. పైకి నొక్కితే బ్యాటరీ దారి, కిందికి నొక్కితే పాత దారి.

"బ్యాటరీ చచ్చిపోతే నడిపాటలో మూగబోకుండా," అన్నాడు.

షాపులో వాయిస్తే తేనె. ఇంట్లో వాయిస్తే తేనె. చెయ్యి తీస్తే చడీచప్పుడు లేదు. తల్లి కూడా వంటగదిలోంచి తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్లింది. ఆవిడ విషయంలో అది చప్పట్లతో సమానం.

శుక్రవారం సాయంత్రం మెట్ల కింది గదిలో గిటారుని స్పీకరు నడిపే యాంప్‌కి తగిలించింది. మొదటి పాటకి అందరూ తలలూపారు. పాట అయింది. చెయ్యి తీసింది.

మ్మ్‌మ్మ్‌మ్మ్...

ముందటికంటే రెండింతలు. కంబళ్ల మీద దుమ్ము కదిలింది. పెంచమంటే బోర్డు అన్నిటినీ పెంచింది, మూలుగుతో సహా.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బాగుచేయించావా, దానికి తిండి పెట్టించావా?"

ఎవరూ నవ్వలేదు. డ్రమ్ములవాడి స్టూలు ఇంకో జానెడు జరిగింది. అక్కణ్నుంచి అతని చేతికి డ్రమ్ములు అందవు.

"రేపు ఇలాగే ఉంటే నువ్వు రావద్దమ్మాయ్. రానక్కర్లేదు అనట్లేదు. రావద్దు అంటున్నాను."

ఆ రాత్రి హాలు ఖాళీ అయ్యాక టంకాన్ని వెంటబెట్టుకుని అమ్మాయి మళ్లీ వచ్చింది. కాపలాదారు పై మెట్టు మీద ఉన్నాడు. "నేను ఇక్కడే ఉంటాను, భయపడకండి," అన్నాడు. ఇంకో మెట్టు దిగమన్నా దిగలేదు.

గిటారు తగిలించారు. మూలిగింది.

టంకం చెవి అటూ ఇటూ తిప్పి విన్నాడు. "పైన ఏదో యంత్రం దీన్ని కుళ్లబొడుస్తోంది. ఫ్రిజ్జో, ఫ్యానో, దీపాలో. నేను పైన స్విచ్చుబోర్డు దగ్గరికెళ్లి ఒక్కొక్కటే తీస్తాను. నువ్వు తీగలు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఎలాగూ ఆగుతుంది, మనకేం తెలీదు. ఆగగానే కేకెయ్యి."

"చీకటైపోతుందా?"

"దీపాలు తీస్తే వెలుగొస్తుందా?"

టంకం మెట్లెక్కి వెళ్లాడు. అమ్మాయి గిటారుని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టుకుంది, పొరపాటున కూడా తగలకుండా.

పైన టక్కుమంది. దీపం ఆరింది.

యాంప్ మీద చిన్న ఎర్రబొట్టు తప్ప ఇంకేం కనబడటం లేదు. మూలుగు ఆగలేదు...

"ఆగిందా?" పైనుంచి.

"లేదన్నా."

టక్కు. ఫ్రిజ్జు ఆగిన చప్పుడు వినబడింది. మూలుగు ఆగలేదు.

టక్కు. ఫ్యాను. మూలుగు అలాగే ఉంది. చీకట్లో వింటుంటే అది స్పీకరులోంచి వస్తున్నట్టు కూడా లేదు. కుర్చీ వెనక నుంచి... కాస్త ఎత్తు నుంచి... మనిషి నిలబడితే నోరు ఎక్కడుంటుందో అక్కణ్నుంచి.

అమ్మాయి వెనక్కి తిరగలేదు. తిరిగి చూసినా ఏం కనబడదని తనకి తాను చెప్పుకుంది. కనబడితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పుకోలేకపోయింది.

అప్పుడు ఆగింది.

ఒక్కసారిగా... గొంతు మీద చెయ్యి వేసినట్టు.

"ఆగిందన్నా. ఏం తీశావ్?"

అమ్మాయి గొంతు పెంచింది.

"అన్నా, ఆగింది."

"ఏం ఆగింది?" మెట్ల పైనుంచి టంకం గొంతు. "నేనింకా ఏం తీయలేదే. బోర్డు మీద తర్వాతి స్విచ్చు ఏదో చూసుకుంటున్నాను. నువ్వు తీగ ముట్టుకున్నావా?"

"లేదు."

"మరి ఎవరు ముట్టుకున్నారు?"

టంకం ఆ మాట ఊరికే అన్నాడు. పని చేసుకునేవాడు అనే మాట. కానీ అన్నాక అది మెట్లు దిగి గదిలోకి వచ్చి కూర్చుంది. పై మెట్టు మీద కాపలాదారు లేచి నిలబడ్డాడు. అప్పటి నుంచి అతను ఆ మెట్టు మీద కూడా కూర్చోవడం లేదు, పక్కనున్న బల్ల మీద కూర్చుంటున్నాడు.

అమ్మాయి ఒళ్లో గిటారు బరువెక్కింది. అంతా కాదు. ఒక్క కింది కొసన, బ్రిడ్జి దగ్గర. ఎవరో వంగి అరచెయ్యి ఆనించినంత.

ఇక్కడ తెలియనివాళ్లు ఒకటడుగుతారు. తీగల మీద చెయ్యి వేస్తే రేపు వాయించేటప్పుడు మోగవు కదా, దెయ్యం మంచి చేసిందా చెడు చేసిందా అని. వాయిద్యం తెలిసినవాడు తీగ మీద వెయ్యడు. బ్రిడ్జి మీద వేస్తాడు. అదీ తీగలకి తగిలిన ఇనుమే. మూలుగూ ఆగుతుంది, మోతకీ అడ్డు రాదు. మంద్రానికి ఆమాత్రం తెలుసు.

"బాబాయ్..." అంది అమ్మాయి, పెదవులు కదిలీ కదలకుండా.

ఏమీ లేదు.

"రేపొక్కరోజు చెయ్యి అలాగే ఉంచవా. కుర్చీ పోతుంది."

అప్పుడు... మ్మ్‌మ్మ్... సన్నగా, మళ్లీ. ఒప్పుకోని మనిషి గొంతులో నసిగినట్టు.

అమ్మాయికి ఆ నసుగుడు తెలుసు. తప్పు స్వరం మీద వేలు పెట్టిన ప్రతిసారీ విన్నదే.

"బ్యాటరీ గురించా?"

మూలుగు కాస్త పెరిగింది.

"మాస్టారే పెట్టించమన్నాడు. నాకేం తెలుసు."

ఇంకాస్త పెరిగింది. చెప్పిన సాకు నచ్చనప్పుడు ఆయన అలాగే చేసేవాడు.

అమ్మాయి మోకాలి కింద నుంచి ఒక చెయ్యి తీసింది. తీగలకి తగలకుండా, చీకట్లో తడుముకుంటూ, స్విచ్చు దొరకబుచ్చుకుంది. కిందికి నొక్కింది. పాత దారి.

ఆగింది.

ఈసారి ఆగిన తీరు వేరు. కడుపు నిండినవాడు కంచం జరిపినట్టు ఆగింది.

దీపం వెలిగింది. టంకం కిందికి వచ్చేసరికి అమ్మాయి చేతులు మళ్లీ మోకాళ్ల కిందే ఉన్నాయి. గది నిశ్శబ్దంగా ఉంది. టంకం మళ్లీ పైకెళ్లి ఫ్రిజ్జూ ఫ్యానూ కూడా వేసి దిగివచ్చాడు. ఆ నిశ్శబ్దం చెక్కుచెదరలేదు.

"ఎలా ఆగింది?"

"బతిమాలానన్నా."

"ఎవర్ని?"

అమ్మాయి గిటారుని సంచిలో పెట్టుకుని లేచింది. మెట్లు ముందు ఎవరెక్కాలనే దగ్గర మాత్రం కొంచెం తగువైంది. వెనక మిగలడానికి టంకం ఒప్పుకోలేదు.

శనివారం హాలు నిండింది. అమ్మాయి కుర్చీలో కూర్చుంది. స్విచ్చు కిందికే ఉంది. బ్యాటరీ లోపల ఊరికే ఉంది, పిలవని పేరంటానికి వచ్చినట్టు. కానీ కొత్త నాబులు, కొత్త కెపాసిటర్, రాగి రేకు వాటి పని అవి చేశాయి. పాత గిటారు పాత దారిలోనే, గొంతు సవరించుకుని పలికింది. స్వరం స్వరం విడివిడిగా, నిండుగా. డాన్సు చేసేవాళ్ల కాళ్లు తాళం తప్పలేదు. డ్రమ్ములవాడు తన స్టూలు రెండు జానలూ మళ్లీ ముందుకి జరుపుకున్నాడు.

మొదటి పాట అయింది. అమ్మాయి చేతులు రెండూ పైకి తీసింది, మాస్టారుకి కనబడేలా.

ఏమీ లేదు. ఎవరో దగ్గారు, అంతే.

ఆఖరి పాట అయ్యాక మాస్టారు కుర్చీ దగ్గరికి వచ్చాడు. "ఇదీ! బ్యాటరీ అంటే ఏంటో ఇప్పుడు తెలిసిందా? మీ బాబాయికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. వింటేనా."

"అవును మాస్టారూ," అంది అమ్మాయి.

"కుర్చీ అక్కడే ఉంచు. కీబోర్డువాడి ఎడమచేతికి వేరే పని చూద్దాం."

అమ్మాయి తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికి కాదు. ఆ మాటకి స్పీకరులోంచి ఏమైనా వస్తుందేమోనని. రాలేదు. బాబాయి తన పంతం నెగ్గించుకున్నాడు, పేరు బ్యాటరీకి పోతే ఆయనకేం.

కథ ఇక్కడ ఆగితే నేను పూనుకుని రాసేవాణ్ని కాదు.

మర్నాడు టంకం రేడియో షాపు ముందు నిలబడి నలుగురికీ చెప్పాడు, దెయ్యమూ లేదు గియ్యమూ లేదని. ఆ హాలుకి ఎర్తు సరిగ్గా లేదట. నేలలోకి పోవలసిన కరెంటు పోయే దారిలేక గిటారులో మూలుగుతోందట. ఆ రాత్రి తను స్విచ్చులన్నీ కదిపేసరికి ఎక్కడో వదులు వైరు ఒకటి దానంతటదే సర్దుకుందట. అంతటితో ఆగాడా. "ఆ ఎర్తు వేసినవాడెవడో గుంతలో ఉప్పుకి బదులు చక్కెర పోశాడు" అన్నాడు. నలుగురూ నవ్వారు. కాపలాదారు కూడా నవ్వాడని విన్నాను.

ఆ ఎర్తు వేసింది నేను.

గుంత నేనే తవ్వాను. ఉప్పు నేనే పోశాను, బొగ్గు నేనే పోశాను, వరసలు వరసలుగా. రాగి పలక నా చేత్తో దించాను. టంకం అప్పటికి రేడియో అంటే లోపల మనుషులుంటారనుకునే వయసువాడు. ఆ చక్కెర మాట విన్న రోజే బల్బు పట్టుకుని హాలుకి వెళ్లి, ఒక వైరు కరెంటుకీ ఒక వైరు ఎర్తుకీ పెట్టి కాపలాదారు ముందే చూపించాను. కళ్లు చెదిరేలా వెలిగింది. వదులు వైరు ఒక్కటి లేదు. అన్ని మరలూ నేను బిగించినట్టే ఉన్నాయి, మీద రంగు కూడా చెదరలేదు.

ఎర్తు బాగున్నప్పుడు మూలిగింది ఎవరు? చేతులు మోకాళ్ల కింద ఉన్నప్పుడు ఆపింది ఎవరు? బుద్ధి ఉన్నవాడికి మిగిలేది ఒక్కటే జవాబు. మూలిగింది మంద్రం. ఆపిందీ మంద్రం. నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాను. నా ఎర్తుని నమ్మే మనిషిని.

కాబట్టి టంకం నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. అదే షాపు ముందు, అదే నలుగురి ముందు. అక్కడున్నది దెయ్యమేననీ, ఎర్తులో ఏ దోషమూ లేదనీ ఒప్పుకోవాలి. చక్కెర మాట విడిగా ఒప్పుకోవాలి. ఆ దారిన పోయేవాళ్లు ఎవరైనా ఉంటే అతనికి ఈ సంగతి చెప్పండి.

నేను చెప్పను. అతనితో నాకు మాటల్లేవు.